లేటు ఫీజు చదువులు

ఈ పూట నేను చెప్పబోయేది ఒక ఫిర్యాదు. డిగ్రీ విద్యార్థులకు కెమిస్ట్రీ పాఠాలు చెప్పే మనిషిని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఎటు బదిలీ అయితే అటు సామాను కట్టుకొని పోయినదాన్ని. ల్యాబులో నీళ్లు రావనో, గదులు చాలవనో చెప్పడానికి మైకు ముందుకు రాలేదు. ఆ బాధలు ఉన్నాయి, వాటికి దరఖాస్తులు రాస్తూనే ఉంటాం. నా ఫిర్యాదు పిల్లల మీద. చదువు రాని పిల్లల మీద కాదు. రాకపోతే నేర్పడానికే నాకు జీతం ఇస్తున్నారు. చేతనై కూడా చేయని పిల్లల మీద.

ల్యాబులో జరిగేది చెబితే సంగతి తొందరగా అర్థమవుతుంది. టైట్రేషన్ అని ఒక ప్రయోగం ఉంది. సైన్సు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పిపెట్‌తో ఇరవై మిల్లీలీటర్ల ద్రావణం కొలిచి ఫ్లాస్కులో పోసుకోవాలి. పైన నిలువుగా బిగించిన బ్యూరెట్ నుంచి ఇంకో ద్రావణాన్ని చుక్క చుక్కగా దాంట్లోకి వదలాలి. ఒక్క చుక్కకు రంగు మారుతుంది. అక్కడ ఆపి, బ్యూరెట్ మీద గీత చూసి, మిల్లీలీటరులో పదో వంతు దాకా రీడింగు రాసుకోవాలి. అయిపోలేదు. అదంతా కడిగి మళ్లీ మొదటి నుంచి చేయాలి. రెండు రీడింగులు ఒకటయ్యేదాకా చేస్తూనే ఉండాలి. ఒక్క రీడింగును నమ్మకూడదు అన్నదే ఆ ప్రయోగం నేర్పే పాఠం. చేయి వణికి ఉండొచ్చు, చూపు వంకరపోయి ఉండొచ్చు, ఫ్లాస్కు సరిగ్గా కడగకపోయి ఉండొచ్చు.

మా పిల్లలు చేసేదేమిటంటే, ఒక్కసారి చేస్తారు. తొమ్మిది పాయింటు ఎనిమిది వచ్చిందనుకోండి, దాని కిందే ఇంకో రెండుసార్లు తొమ్మిది పాయింటు ఎనిమిది, తొమ్మిది పాయింటు ఎనిమిది అని రాసేస్తారు. ఇది కొంత నయం. ఆ ఒక్కసారి కూడా చేయనివాళ్లు ఉన్నారు. బ్యూరెట్‌లో ద్రావణం పోయకముందే రీడింగు కాగితం మీదికి వచ్చేస్తుంది. ఎక్కడిదని అడిగితే, "సీనియర్ రికార్డుల గిట్లనే ఉన్నది మేడం" అంటారు. ప్రతి ఏడాదీ మేము ద్రావణం గాఢత మారుస్తాం. నిరుటి సీసాలోని ద్రావణం వేరు, ఈ ఏటిది వేరు. ఈ ముక్క క్లాసులో చెప్పే ఉంటాం. అయినా నిరుటి జవాబు పట్టుకొచ్చి, "ఏమైతది మేడం, ఆన్సర్ కరెక్టే కద" అంటాడు. కరెక్టే బిడ్డా, నిరుటికి.

ఇంతకీ వీళ్లు బద్ధకస్తులా అంటే, కాదు. వింత అక్కడే ఉంది. ప్రాక్టికల్ పరీక్ష ముందు రోజు రాత్రి ఏ హాస్టల్‌కైనా వెళ్లి చూడండి. తెల్లవార్లూ రికార్డులు రాస్తుంటారు. అట్టలు వేస్తారు, అంచులకు ఎర్ర స్కెచ్‌తో గీతలు కొడతారు, పరికరాల బొమ్మలకు నీడలు కూడా దిద్దుతారు. వేళ్లు నొప్పి పుట్టేదాకా రాస్తారు. అంత శ్రమ చేసినవాడు ఒక్క వాక్యం కూడా చదవడు. చూసి రాస్తాడు, అంతే. అందుకే ఆ రికార్డులో మధ్యలో ఒక పేజీ ఎగిరిపోయినా తెలియదు, రెండు ప్రయోగాల లెక్కలు కలిసిపోయినా తెలియదు. చివరికి సీనియర్ హాల్‌టికెట్ నంబరు కూడా భద్రంగా ఎక్కి కూర్చుంటుంది. ఆ సమయంలో పదో వంతు పెట్టి ప్రయోగమే చేసి ఉండొచ్చు. ఒళ్లు దాచుకోని నిర్లక్ష్యం ఇది. ఒళ్లు వంచి చేసే నిర్లక్ష్యం.

ఎవరి పని మీద ఎవరి పేరు ఉండాలన్నదానికి మా వైపే ఒక ఉదాహరణ ఉంది. జనగామ జిల్లాలో పాలకుర్తి పక్కనే బమ్మెర ఉంది, పోతన గారి ఊరని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆయన పేరు మీద మనం చదువుకునే భాగవతంలో అన్ని స్కంధాలూ ఆయన రాసినవి కావు. అయిదోది గంగన, ఆరోది ఏర్చూరి సింగన, చివరి రెండూ వెలిగందల నారయ పూరించారు. పోతనంతటివాడి గ్రంథంలో తమ పద్యాలు కలిశాయని వాళ్లు పేర్లు దాచుకోలేదు. అంత పెద్ద పేరు చాటున ఒదిగిపోయే వీలున్నా ఎవరి భాగం కింద వాళ్ల పేరే ఉంది. మా పిల్లలది ఇంకో దారి, పని సీనియర్‌ది, పేరు వీళ్లది.

ఈ మధ్య సీనియర్ల అవసరం కూడా తీరిపోయింది. ఫోనులో అడిగితే వ్యాసం వచ్చేస్తోంది. కృత్రిమ మేధ మీద నాకు పగలేదు. తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డ పిల్లకు, అర్ధరాత్రి విసుక్కోకుండా సందేహం తీర్చే సాధనం అది. కానీ అసైన్‌మెంట్లు దిద్దుతుంటే కొన్నింటి మొదటి వాక్యం ఇంగ్లీషులో ఇట్లా ఉంటుంది: తప్పకుండా, మీరు అడిగిన విధంగా రెండు పేజీల వ్యాసం ఇదిగో. దాన్ని కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో, మార్జిన్ వదిలి, చేత్తో రాసి ఉంటారు. చివర్లో, ఇంకా చిన్నదిగా చేసి ఇవ్వమంటారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. దానికి ఏం మార్కులు వేయాలి శ్రోతలారా? చేతిరాతకా? ఓపికకా?

ఇక్కడ మీలో కొందరికి నా మీద కోపం రావచ్చు. పేద పిల్లలు, పల్లెల పిల్లలు, వాళ్ల ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు, వాళ్లనా ఈవిడ అంటోంది అని. 2011 జనాభా లెక్కల్లో ఈ మూడు జిల్లాల ప్రాంతంలో అక్షరాస్యత అరవై శాతానికి కాస్త అటూ ఇటూ. కొడుకు రికార్డులో ఏం రాశాడో చదవగలిగిన తండ్రులు అందరూ ఉండరు. ఇవి నాకు తెలుసు. కాబట్టే పేదరికాన్నీ నిర్లక్ష్యాన్నీ ఒకే గాటన కట్టొద్దంటున్నాను.

మహబూబాబాద్, అదే మన మానుకోట చుట్టూ ఎర్రటి మిరప చేలు చూసే ఉంటారు. సంక్రాంతి దాటిందంటే మిరప ఏరుడు మొదలు. కూలీలు దొరకరు, దొరికినా కూలి రేటు భరించలేరు. ఇంటిల్లిపాదీ చేలోనే ఉండాలి. అప్పుడు మా క్లాసుల్లో తండాల పిల్లల బెంచీలు ఖాళీ. అంతకుముందు పత్తి తీసేటప్పుడు కూడా అంతే. ఆ పిల్లలు రాలేదని నేను రిజిస్టర్‌లో ఆబ్సెంట్ పెడతాను, పెట్టాలి కాబట్టి. కానీ వాళ్లది నిర్లక్ష్యమంటే నోరు పడిపోతుంది. డోర్నకల్ వైపు నుంచి రైల్లో వచ్చే పిల్లల సంగతీ అంతే. ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వడానికి ప్యాసింజర్ ఏ స్టేషన్‌లో ఆగితే వీళ్లూ అక్కడే ఆగుతారు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. చార్జీ బాధ తప్పి సీటు బాధ మొదలైంది. పల్లెవెలుగు ఫుట్‌బోర్డు మీద గంటసేపు నిలబడి, చున్నీ సర్దుకుంటూ రెండో పీరియడ్‌కు వచ్చిన అమ్మాయిని ఆలస్యమెందుకని అడగను. ఆ అమ్మాయి కంటే గంట ముందే బండి మీద వచ్చి, గేటు ముందు చాయ్ దుకాణంలో కూర్చొని, మూడో పీరియడ్‌కు కూడా లోపలికి రానివాణ్ని అడుగుతాను. అట్లాగే సమ్మక్క జాతర వచ్చిందంటే భూపాలపల్లి వైపు కాలేజీలు వారం పాటు బోసిపోతాయి. దాని మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. రెండేళ్లకొకసారి వచ్చే జాతరకు పోకుండా క్లాసుకు రమ్మనడానికి నేను ఎవర్ని?

మిరప దగ్గరికి మళ్లీ వస్తాను, అక్కడ నాకు పట్టరాని ఆశ్చర్యం ఒకటి ఉంది. కల్లంలో ఎండబోసిన కాయల్లోంచి తాలు వేరు చేయాలి. రంగు వెలిసినవి, మచ్చ పడ్డవి, గింజ పట్టనివి తాలు. తాలు కలిస్తే మార్కెట్‌లో మొత్తం బస్తా ధర పడిపోతుంది. మా విద్యార్థినులు ఆ పని చేస్తుంటే నేను చూశాను. ఎండలో, కళ్లు మండుతున్నా, కబుర్లు చెప్పుకుంటూనే ఏరతారు. వాళ్లు ఏరిన కుప్పలో తాలుకాయ వెతికి పట్టుకోవడం కష్టం. అంత చూపున్న పిల్ల, టైట్రేషన్‌లో గులాబీ రంగు ఎక్కడ మొదలైందో చూడలేదా? చూడగలదు. జనగామలో మగపిల్లలు పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కు పోతారు. విస్తళ్ల వరస వంకర పోదు, నీళ్ల గ్లాసు మరిచిపోరు. మరిచిపోతే ఆ రాత్రి పైసలు రావు. కల్లంలోనూ బంతిలోనూ ఉన్న శ్రద్ధ మా గేటు దాటగానే ఎక్కడికి పోతోంది?

నాకు తోచిన జవాబు ఇది. అక్కడ నిర్లక్ష్యానికి నష్టం ఉంది. ఇక్కడ మనం దానికి రేటు కట్టాం.

చూడండి. పరీక్ష ఫీజుకు ఒక గడువు ఉంటుంది. అది దాటితే ఇంత రుసుముతో ఇన్నాళ్లు, ఇంకాస్త రుసుముతో మరిన్నాళ్లు. డెబ్భై ఐదు శాతం హాజరు ఉండాలని నియమం. తగ్గితే కండోనేషన్ ఫీజు, దానికి తోడు డాక్టరు సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్లు చూస్తే మన జిల్లాల్లో ప్రతి యువకుడికీ ఏటా ఫిబ్రవరిలో కామెర్లు వచ్చి మార్చిలో తగ్గుతాయని అనుకోవాలి. సబ్జెక్టు పోతే బ్యాక్‌లాగ్ రాసుకోవచ్చు. ఏళ్ల తర్వాత కూడా మిగిలిపోతే విశ్వవిద్యాలయాలు వన్ టైమ్ ఛాన్స్ ప్రకటిస్తాయి, దానికీ ఫీజు కడితే చాలు. వీటిలో ఏ ఒక్కటీ చెడు ఉద్దేశంతో పుట్టలేదు. తల్లికి జబ్బు చేసి ఊళ్లో ఉండిపోయినవాడికి, రెండో ఏడాదిలోనే పెళ్లి చేసి పంపేస్తే పిల్లలు పుట్టాక మళ్లీ పుస్తకం తెరిచిన అమ్మాయికి ఆ అవకాశాలు ప్రాణం పోశాయి. అట్లాంటి ఆడపిల్లలు డిగ్రీ పట్టా తీసుకుంటుంటే నేను చప్పట్లు కొట్టాను. వాళ్ల కోసం తెరిచిన తలుపు అది. ఇప్పుడు అందరూ దాంట్లోంచే నడుస్తున్నారు, ముందు వాకిట్లో గడ్డి మొలిచింది.

గడువంటే లెక్కలేనితనం పిల్లలు గాలిలోంచి నేర్చుకున్నది కూడా కాదు. 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఇంట్లో కూర్చొని కాలేజీ ఎంచుకోవచ్చు, దళారుల బెడద తగ్గింది, మంచి పద్ధతే. కానీ విడత తర్వాత విడత. ఆఖరి విడతలో వచ్చినవాడికి చాలా పాఠం అయిపోయి ఉంటుంది. 2016లోనే సెమిస్టర్ పద్ధతి కూడా వచ్చింది. చేరడం ఆలస్యం, పరీక్ష తొందర. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రావడం లేదని ప్రైవేటు కాలేజీలు తాళాలు వేసుకున్న రోజులు ఉన్నాయి. పెద్దవాళ్ల తేదీలు ఇట్లా జారుతుంటే, అసైన్‌మెంట్ సోమవారం ఇవ్వమంటే పిల్లవాడు ఏ సోమవారం అని మనసులో అనుకుంటాడు.

మా వృత్తి వాటా కూడా చెప్పాలి, లేకపోతే ఈ ప్రసంగం ఒంటికంటి ప్రసంగం అవుతుంది. క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలు, "ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చెప్పుండ్రి మేడం, అవే చదువుతం" అంటారు. చెప్పేవాళ్లు చెబుతారు. చెప్పినవాళ్లు మంచి సార్లు. సిలబస్ మొత్తం చెప్పినవాళ్లు సతాయించే సార్లు. బజారులో ఆల్ ఇన్ వన్ గైడు దొరుకుతుంది, టెక్స్ట్‌బుక్ లైబ్రరీలో దుమ్ము పట్టి ఉంటుంది. వాల్యుయేషన్ క్యాంపులో పేపర్ల కట్టలు ముందు పెట్టుకొని కూర్చుంటాం. ప్రశ్నపత్రాన్నే తిప్పి తిప్పి జవాబుగా రాసినవి ఉంటాయి. సినిమా కథలు ఉంటాయి. పెళ్లి కుదిరింది, ఈ ఒక్క సబ్జెక్టు గట్టెక్కించండి అన్న వేడికోళ్లు ఉంటాయి. వాటిని చదివి నవ్వుకుంటాం. కానీ నవ్వు రానివి వేరే ఉన్నాయి. ఆరు ప్రశ్నల్లో నాలుగింటికి రాయమంటే మూడింటికి రాసి లేచిపోయినవి. ఒక ప్రశ్న నంబరు వేసి ఇంకో ప్రశ్నకు జవాబు రాసినవి. ఆ పిల్లవాడికి జవాబు వచ్చు. ప్రశ్నపత్రం పైన రాసి ఉన్న రెండు లైన్లు చదవలేదు. మూడేళ్లు చదివి ఆ రెండు లైన్ల దగ్గర ఓడిపోయాడు.

అన్నిటికంటే నన్ను మండించేది ఇంకొకటి. ప్రాక్టికల్స్‌లో ఒక అమ్మాయి నిజంగా ప్రయోగం చేస్తుంది. మొదటిసారి పది పాయింటు రెండు వస్తుంది. రెండోసారి తొమ్మిది పాయింటు ఆరు. భయపడి మళ్లీ చేస్తుంది, తొమ్మిది పాయింటు ఏడు. మళ్లీ చేస్తుంది. అన్నీ రాస్తుంది, కొట్టివేతలతో సహా. ఆమె పక్క బెంచీలో ఒకడు నిరుటి రికార్డు చూసి మూడు ఒకే రకం రీడింగులు రాసి, గీతలు కొట్టి, కింద డబ్బా కట్టి జవాబు పెడతాడు. ఎవరి పేజీ అందంగా కనిపిస్తుంది? తొందరలో ఉన్న ఎగ్జామినర్ ఎవరికి ఎక్కువ వేస్తాడు? ఇంటర్నల్ మార్కులైతే ఇంకా విచిత్రం, మొత్తం క్లాసుకు ఒకటి అటూ ఇటూ ఒకే మార్కు. కష్టపడ్డ అమ్మాయికి పద్దెనిమిది, పడనివాడికి పదిహేడు. ఆ ఒక్క మార్కు తేడా కోసం ఎవరైనా మూడు గంటలు నిలబడి టైట్రేషన్ చేస్తారా? నిర్లక్ష్యం చేసినవాడికి నష్టమో కాదో కానీ, శ్రద్ధగా చేసినవాళ్లకు మాత్రం మనం కచ్చితంగా నష్టం చేస్తున్నాం. వచ్చే సెమిస్టర్‌కు ఆ అమ్మాయి కూడా సీనియర్ రికార్డు అడిగి తెచ్చుకుంటుంది. నా ఫిర్యాదు మొత్తంలో నాకు నిద్ర పట్టనివ్వని భాగం ఇదే.

ఏమైతది అని అడిగే పిల్లలకు ఇప్పుడు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్నే.

భూపాలపల్లి పిల్లలకు కేటీకే బొగ్గు గనులు తెలుసు. నాన్నలు, మేనమామలు ఎవరో ఒకరు సింగరేణిలో ఉంటారు. కొందరు మగపిల్లలు చదువు మీద శ్రద్ధ పెట్టకపోవడానికి కారణం కూడా అదే, ఎప్పటికైనా నాన్న ఉద్యోగం నాకొస్తది అన్న ధీమా. సరే, వచ్చిందనుకుందాం. గని కింద గాలిలో మీథేన్ ఎంత ఉందో కొలుస్తారు. నూటికి ఒకటింబావు దాటితే ఆ చోట కరెంటు ఆపేయాలని నిబంధన. ఒక్కటి కాదు, రెండు కాదు, ఒకటింబావు. ఆ కొలిచే పని చేసే సర్దార్‌కైనా ఓవర్‌మన్‌కైనా గ్యాస్ పరీక్షలో విడిగా సర్టిఫికెట్ ఉండాలి. షిఫ్టు మొదట్లో తీసిన రీడింగును చూసి షిఫ్టు చివర కూడా అదే రాసేస్తే ఏమవుతుందో మీ నాన్నను అడగండి, నన్ను కాదు. చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ బాయిలర్‌లోకి పోయే నీటిని కెమిస్టులు రోజూ పరీక్షిస్తారు. నీటిలో లవణాలు, కరిగిన ఆక్సిజన్ హద్దు దాటితే గొట్టాలను లోపలి నుంచి తినేస్తాయి. ఆ కెమిస్టు చేసే పనిలో మన ల్యాబులో నేర్పే టైట్రేషన్ కూడా ఉంటుంది. బీఎస్సీ చదివిన మా విద్యార్థులకు ఇంటి పక్కన దొరకగల ఉద్యోగం అది.

మూడు ఊళ్లకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2022లో మహబూబాబాద్‌కు, మరుసటి ఏడాది జనగామకు, భూపాలపల్లికి. ఒకప్పుడు హన్మకొండ దాకా పోతే గానీ జరగని పరీక్షలు ఇప్పుడు ఊళ్లోనే జరుగుతాయి. ఆ రక్తం సీసాల మీద పేరు రాసేది, గ్రూపు చూసేది, రీడింగు ఎక్కించేది ఎవరు? మన ఊళ్ల పిల్లలే. పక్క సీసా చీటీ చూసి ఈ సీసా మీద రాస్తే లేటు ఫీజు కట్టి సరిదిద్దుకోవడం కుదరదు.

ఇంకొక చిన్న విషయం, చిన్నదే కానీ ఏళ్ల తరబడి ఏడిపిస్తుంది. హాల్‌టికెట్ ఇవ్వగానే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరి చూసుకోమని నెత్తీ నోరూ కొట్టుకుంటాం. నంబరొక్కటి చూసి జేబులో పెట్టుకుంటారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీ మెమోలో పూర్తి పేరు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్. ఉద్యోగం వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో పట్టుకుంటారు. అప్పుడు జీతం నష్టంతో సెలవు పెట్టి కాకతీయ యూనివర్సిటీకి రావాలి. అక్కడ దరఖాస్తు, చలానా, కాలేజీ నుంచి లెటరు, నోటరీ. ఆ వరండాలో అట్లా నిలబడ్డ పాత విద్యార్థులు నన్ను చూసి తల దించుకుంటారు. తల దించుకోవాల్సినంత తప్పేం కాదు. అయిదు నిమిషాల పని అయిదేళ్లకు ఆరు నెలల పనైంది, అంతే.

అంకెకు ఉన్న విలువ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై ఈ మూడు జిల్లాలూ పుట్టాయి. అందులో భూపాలపల్లికి పెట్టిన పేరు ఆచార్య జయశంకర్‌ది. రాజు కాదు, మంత్రి కాదు, ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పిన మాస్టారు. వరంగల్ సీకేఎం కాలేజీకి ప్రిన్సిపాల్‌గా, తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్స్‌లర్‌గా పనిచేశారు. ఆయన గొంతు పెద్దది కాదు. కానీ నీళ్లలో, నిధుల్లో, నియామకాల్లో తెలంగాణ వాటా ఎంత, దక్కింది ఎంత అని అంకెలతో మాట్లాడేవారు. జీవితకాలమంతా ఆ లెక్కలు పోగుచేశారు. అంకె చేతిలో ఉన్నవాడి మాట తోసేయడం కష్టం. ఆ జిల్లా కాలేజీలో చదివే పిల్లవాడు బోర్డు మీద ఆ పేరు రోజూ చదివి, లోపలికి వచ్చి ఊహించిన అంకె రాస్తుంటే నాకు చిరాకు రాదా చెప్పండి.

ఇక అడగాల్సినవాళ్లను అడిగి ముగిస్తాను.

తల్లిదండ్రులారా, కాలేజీకి వచ్చి, "మా పిల్లగాడు మంచిగ చదువుతుండా మేడం" అని అడిగి వెళ్లిపోకండి. అట్లా అడిగితే ఏ లెక్చరరైనా మర్యాదకు మంచిగనే అంటారు. ఇవాళ ల్యాబులో ఏం చేసినవ్, నీ చేత్తో చేసినవా అని ఇంట్లో మీ బిడ్డనే అడగండి. తెలుగులో అడగండి, లంబాడీలో అడగండి. చదువు రాని తల్లి కూడా అడగగలిగిన ప్రశ్న ఇది. జవాబు చెప్పేటప్పుడు వాడు నేల చూస్తున్నాడా, మీ కళ్లలోకి చూస్తున్నాడా అన్నది మీకు నా కంటే బాగా తెలుస్తుంది. మిరప ఏరడానికి మీకు పిల్లలు కావాలంటే పిలుచుకోండి, కానీ ముందే మాకో మాట చెప్పండి. పోయిన పాఠం ఆదివారం చెబుతాం.

నాతోటి అధ్యాపకులారా, అందరికీ ఒకే ఇంటర్నల్ మార్కు వేయడం దయ కాదు. కొట్టివేతలున్న పేజీని ఒక్క నిమిషం ఆగి చూడండి. నిజం రాసినవాళ్ల పేజీ అట్లాగే ఉంటుంది.

విద్యార్థులారా, వచ్చే ప్రాక్టికల్‌కు మీరు తీసిన రీడింగే రాయండి. తప్పొచ్చినా పరవాలేదు, మళ్లీ చేద్దాం, నేను పక్కనే ఉంటాను. తప్పు రీడింగు పక్కన నేను సంతకం పెడతాను. ఎరువు తెచ్చిన రీడింగు పక్కన మాత్రం పెట్టను.